జవాబు రాలేదని మళ్ళీ నొక్కిన బటన్

మా బావ వెంచర్ ప్రారంభోత్సవాన్ని నేనెలా భ్రష్టు పట్టించానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. కానీ మా అక్కను తలచుకుని కాస్త జాలి కూడా పడండి. పరువు పణంగా పెట్టింది ఆమె, దాన్ని గంగలో కలపబోయింది నేను.

హైదరాబాదు చుట్టూ భూములకు రెక్కలొచ్చిన రోజులవి. ఇబ్రహీంపట్నంలో చాయ్ అడిగితే చాయ్ కంటే ముందు ప్లాట్ల బ్రోచరు చేతికొచ్చేది. మా బావ కూడా బొంగులూరులో రెండు వరుసల చిన్న వెంచర్ వేశాడు. "బుకింగు కంప్యూటర్ల పెడదాం. మా తమ్ముడు చేస్తడు" అని అక్క అందరి ముందూ అనేసింది.

"పిలగాని చేతుల పెడ్తున్నవ్ బిడ్డా. ఖరాబైతే నీదే పూచీ" అంది వాళ్ళ అత్త.

"అవ్ అత్తమ్మా, నాదే."

నేనేమో వెబ్ సర్వీసుల కోర్సు అప్పుడే పూర్తిచేసి నేల మీద నడవడం మానేసినవాణ్ణి. బుక్ చేసేది బొంగులూరు షామియానా కింద. ప్లాట్ల లెక్క ఉండేది ఇబ్రహీంపట్నం ఆఫీసు కంప్యూటర్లో. ఆ రెండూ ఎలా మాట్లాడుకోవాలన్నదే ప్రశ్న. నా రూమ్మేట్ శ్రీను రెండు దారులు చెప్పాడు.

"ఒకటి రిమోట్ ప్రొసీజర్ కాల్. ఫోన్ చేసినట్టు. అవతలోడు జవాబు చెప్పేదాంక పట్టుకొని నిలవడాలె. రెండోది మెసేజింగ్. కబురు పెట్టి నీ పని నువ్వు చూస్కుంటవ్, జవాబు ఎనకనుంచి వస్తది. మీ నెట్ లైను అసలే నెమ్మది. రెండోదే పెట్టురా."

"కబురు పెట్టి కూసోనీకి ఇదేమన్న పెండ్లి సంబంధమా? ఒత్తంగనే జవాబు రావాలె!" అన్నాను.

పైగా నా సొంత తెలివి ఒకటి జోడించాను. అడిగిన ప్లాటు అప్పటికే పోయి ఉంటే పక్క ప్లాటు దానంతటదే బుక్ అయిపోతుంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నాడంటారే, నేను ఆ పిల్లికి బొట్టు కూడా పెట్టాను.

ఆ శుక్రవారం పొద్దున్నుంచీ జనం చాయ్ తాగుతూ కూర్చున్నారు తప్ప ఒక్కరూ కంప్యూటర్ దగ్గరికి రాలేదు. ఎందుకొస్తారు, మంచి ఘడియ రాందే! పంతులు "ఇగ కానియ్యుండ్రి, జరసేపైతే రాహుకాలమొస్తది" అనగానే అందరూ ఒక్కసారి నా మీద పడ్డారు. అన్ని లెక్కలూ వేసిన నేను ముహూర్తం లెక్క మరిచాను.

ముందు నిలబడ్డవాడు అబ్దుల్లాపూర్‌మెట్‌లో పాల వ్యాపారం చేసే యాదగిరన్న. కార్నర్ ప్లాటు కోసం బటన్ నొక్కాడు. తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది.

"ఏమైంది తమ్మీ?"

"వస్తది అన్నా, జర ఆగు."

"నేనాగుత. రాహుకాలం ఆగుతదా?"

"అయితే ఇంకోసారి ఒత్తన్నా."

నొక్కాడు. తెర ఉలకలేదు, పలకలేదు. "మళ్ల ఒత్తన్నా" అన్నాను. వెనకనుంచి "ఓ అన్నా, జెల్ది!" అని కేకలు. యాదగిరన్న వేలు డప్పు మీద పుల్లలా ఆడింది. ముందు కుర్చీలో అత్తమ్మ కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది. అక్క పరుగున వచ్చి "ఏమైందిరా?" అంది. "ఏం లేదక్కా" అన్నాను.

అంతలో ఇబ్రహీంపట్నం ఆఫీసులో ప్లాట్ల లెక్క చూసే లావణ్య బావకు ఫోన్ చేసింది. "ఏందీ? అన్ని ప్లాట్లు అయిపోయినయా?" అని బావ గెంతాడు. టపాకాయలు పేలాయి. "ఎవలెవలు కొన్నరో గట్టిగ చదువు బిడ్డా" అంటూ ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"యాదగిరి. యాదగిరి. యాదగిరి... అంత ఒక్కలే సార్!"

విషయమేమంటే, నొక్కిన ప్రతిసారీ మా పిలుపు అవతలికి చేరింది. జవాబే దారిలో కునికింది. మొదటి నొక్కుకు కార్నర్ ప్లాటు ఆయనదైంది. రెండో నొక్కుకు, అది పోయింది కదా అని, నా తెలివి పక్కది కట్టబెట్టింది. అలా వెంచర్ చివరిదాకా.

"అంత ఒక్కనికే అమ్ముకొని మమ్మల్నెందుకు పిలిచిన్రు?" అని జనం లేచారు.

"వాపస్ ఇచ్చెయ్యన్నా" అని బతిమాలాను.

"ముహూర్తంల వచ్చిన లక్ష్మిని వాపస్ ఇస్తరా? అరిష్టం!" అన్నాడు యాదగిరన్న.

"పైసలు నీ బర్లు కడ్తయా?" అని ఆయన భార్య నెత్తి కొట్టుకుంది.

అక్క ముందుకొచ్చింది. "వాపస్ ఎందుకన్నా? కార్నర్‌ది ఉంచుకొని మిగిలినయి నీ చేతుల మీద పంచు, నీకే పుణ్యం. ఎవలకేం కావాల్నో నాకు చెప్పి పోయి టిఫిన్ తినుండ్రి. ముహూర్తంల అడిగిన్రు, అదే లెక్క. ఖాయమైనంక నేనే పిలుస్త."

జనం చెప్పేసి ఉప్మా మీద పడ్డారు. రాహుకాలం వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. యాదగిరన్న కండువా సర్దుకుని కుర్చీలో కూర్చుని, అక్క ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే, జమీందారులా ప్లాట్లు ప్రసాదించాడు. కబురు చెప్పి ఉప్మా తినడం, జవాబు వెనకనుంచి రావడం, శ్రీను మొత్తుకున్న రెండో దారి ఇదేనని నాకప్పుడు వెలిగింది.

"ఏందే కోడలా, నీ తమ్ముని నిర్వాకం?" అంది అత్తమ్మ.

అక్క తడబడలేదు. "ఏమైందత్తమ్మా? ముహూర్తం దాటకముందే వెంచర్ మొత్తం అమ్మిండు. గట్ల అమ్మేటోణ్ణి ఈ సాగర్ రోడ్డు మీద ఇంకొకణ్ణి సూపియ్యుండ్రి."

అత్తమ్మ లేచి తనూ ఉప్మా ప్లేటు అందుకుంది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కనుక పంచాంగం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. జవాబు రాలేదని ఎవరిచేతా రెండోసారి బటన్ నొక్కించను. ఏ ప్రోగ్రాం రాసినా ముందు లైను వేగం కనుక్కుంటాను, ఆ వెంటనే రాహుకాలం ఎప్పుడో కనుక్కుంటాను.