మిషన్‌కు ఏ రోగమూ లేదు

మొన్న పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. "మామా, బాపు పోయిండు" అంది, ఆఖరి రోజుల్లో తండ్రిని తన ఇంట్లోనే ఉంచుకున్న మా మిస్త్రి కూతురు. ఏడవలేదు. "కిటికీలన్నీ తెరిచే పెట్టిన మామా. అయినా గాలి సాలలేదు" అంది.

మిస్త్రి అంటే ఇంజన్ల మిస్త్రి. పుట్టింది రేగొండ దిక్కు. భూపాలపల్లిలో పదిహేనేళ్లు బొగ్గుబాయిలోకి దిగి, దగ్గు ముదిరాక పైకొచ్చి, అత్తగారి ఊరు నర్మెట్టలో నాలుగు వాసాల మీద రేకులు వేసుకున్నాడు. చేనుకు మందు కొట్టే ఇంజన్లూ, నీళ్లు తోడే ఇంజన్లూ ఆ రేకుల కింద వరుసగా కూర్చుని ఆయన కోసం ఎదురుచూసేవి. తన ఇంటిపేరూ నా భార్య పుట్టింటి పేరూ ఒకటేనని తెలిసిన రోజు నుంచి ఆమెను చెల్లె అన్నాడు. దాంతో నేను బావనైపోయాను. బావను ఎన్నయినా అనొచ్చు కదా, ఆ హక్కును ఆయన ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచలేదు.

ఎవరింటికి పోయినా ముందు కిటికీ తీసి, తర్వాత కూర్చునేవాడు. చలికాలం కూడా అంతే. మర్యాద తెలియని మనిషి అని నేనే చాలామందికి చెప్పాను. నాది అయిదో తరగతి చదువు. మిగిలినదంతా పొట్లాలు విప్పిన కాగితాల మీద చదివాను. మర్యాద గురించి ఏ పొట్లంలో చదివానో ఇప్పుడు గుర్తు లేదు.

అప్పుడు జనగామలో, మా ఇంట్లోనే, నాకు బండ్లు కడిగే కొట్టు ఉండేది. రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులు. బొగ్గుబాయిల వాళ్లు కూడా సమ్మెలోకి దిగాక కరెంటు ఎప్పుడొచ్చేదో ఎప్పుడు పోయేదో తెలియదు. అందుకని నీళ్లను జోరుగా కొట్టే పెట్రోల్ మిషన్ ఒకటి తెచ్చాను. బంద్ అంటే షట్టర్ దించాలి. దించేవాణ్ణి. పొద్దున ఊరేగింపులో జెండా పట్టుకుని గొంతు పోయేదాకా అరిచేవాణ్ణి. మధ్యాహ్నం వెనక సందు తలుపు తీసి బండ్లు కడిగేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గే. కానీ ఆ సందులోంచి వచ్చిన బండ్లలో సగం ఊరేగింపువే.

చప్పుడు రోడ్డు మీదికి వినబడొద్దని మిషన్‌ను లోపలి అర్రలో, మూలకు పెట్టాను. కిటికీకి గోనెసంచులు కుక్కాను. పైపు ఒకటే వెనక తలుపు కింది నుంచి బయటికి వచ్చేది. నేను వెనక వాకిట్లో, పైపు చివర నీళ్లు చిమ్మే గన్ పట్టుకుంటే, నా భార్య లోపల కూర్చుని డ్రమ్ములో నీళ్లు చూసుకుంటూ, ఇంజన్ ఆగినప్పుడల్లా తాడు గుంజేది.

ఆగడమే దాని జబ్బు. ఒక్క గుంజుకు లేచేది. పది నిమిషాలు బాగానే నడిచి, గొంతు మందమై, రెండుసార్లు దగ్గి పడిపోయేది. సగం నురగతో ఉన్న జీపు ముందు నేను చినుకులు కారే గన్‌తో నిలబడేవాణ్ణి.

స్కూటర్ వెనక కట్టి నర్మెట్ట తీసుకుపోయాను. ఆయన ట్యాంకు మూతకున్న సన్న రంధ్రం సూదితో పొడిచాడు, అది పూడితే పెట్రోల్ దిగదట. సీసాల్లో అమ్మే పెట్రోల్ వాసన చూసి కింద పారబోశాడు. ఫిల్టర్, ప్లగ్గు, కార్బురేటర్ అన్నీ కడిగాడు. గన్ మీట వదిలితే నీళ్లను వెనక్కి మళ్లించే వాల్వు విప్పి, దాని స్ప్రింగుకు గ్రీజు పెట్టాడు. ఆ రేకుల కింద గంటసేపు నడిపితే ఒక్కసారి దగ్గలేదు. ఇంటికి తెచ్చాను. ఈసారి పదిహేను నిమిషాలకు ఆగింది. మళ్లీ తీసుకుపోయాను, ఇంకా సాపు చేసి ఇచ్చాడు. ఇరవై నిమిషాలు నడిచి ఆగింది. నేనైతే జబ్బు నయమవుతోందనే అనుకున్నాను.

ఈలోగా నా భార్యకు తలనొప్పి మొదలైంది. సాయంత్రానికి వాంతులు. బజారుకు పోయొస్తే తగ్గేది. పక్కింటామె గోడ మీది నుంచి చూసి, "మనుమని ఎత్తుకునే యాళ్లకు ఏందక్కా గిది" అంది. సందంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

మూడోసారి మిషన్ తీసుకుపోలేదు, మిస్త్రినే తేవాలని పోయాను. వచ్చేటప్పుడు దారిలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, నడుమ పొయ్యిలు. తినందే కదలనివ్వమని మమ్మల్ని కూర్చోబెట్టి విస్తర్లు వేశారు. అన్నం కలుపుతూ ఆయన అడిగాడు.

"నా దగ్గర నడుస్తది, నీ దగ్గర నడువదు. అసలు ఏడ పెట్టినవు బావా దాన్ని?"

"లోపటి అర్రల. చప్పుడు ఇనవడద్దని."

"పొగ ఏడికి పోతది?"

"కిటికీకి గూడ సంచులు కుక్కిన."

"అండ్ల ఎవలుంటరు?"

"నీ చెల్లె."

ఆయన చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. "తలకాయ నొస్తున్నదంటదా?"

ఆ మధ్యాహ్నమే ఒక జీపు వస్తుందని, తాను చూసుకుంటానని నా భార్య చెప్పి పంపింది. ఆ మాట చెప్పేసరికి ఆయన ఎంగిలి చేత్తోనే లేచాడు. ఇంటికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మిస్త్రి మొహం చూసి, రాళ్లు పెట్టినవాళ్లే పక్కకు దొర్లించారు.

స్కూటర్ మీద నా చెవి దగ్గర ఆయన అన్న మాట ఇది: "బాయిల దీపం సన్నవడితే దీపం కరాబైందని ఎవడన్న రిపేరు చేస్తడా? ముందుగాల మనిషి బయటికొస్తడు. మిషన్‌కు ఏ రోగం లేదు బావా. అదే నీ దీపం."

సందులోకి తిరిగేసరికి చప్పుడు లేదు. అన్ని రోజులూ ఆ నిశ్శబ్దం వింటే నాకు కోపం వచ్చేది. ఆ రోజు స్కూటర్‌కు స్టాండు కూడా వేయకుండా దిగాను. వాకిట్లో జీపు డ్రైవర్ గన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నీళ్లు బందైనయే. అక్కను పిలుస్తున్న, పలుకుతలేదు" అన్నాడు.

మిస్త్రి తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు. నేను గోనెసంచులు లాగాను. ఆమె డ్రమ్ముకు ఆనుకుని, తాడు పిడి చేతిలో పట్టుకునే కూర్చుని ఉంది. ఇద్దరం మోసుకొచ్చి తడి నేల మీద, గాలికి ఎదురుగా పడుకోబెట్టాం. జెండా కట్టిన ఆ జీపులోనే, ఒక పక్క నురగ ఆరకముందే, దవాఖానకు పోయాం.

సాయంత్రానికి కళ్లు తెరిచింది. "మిషన్ మళ్ల బందైంది" అంది.

"బందైంది గనుకనే నువ్వున్నవు చెల్లె" అన్నాడు ఆయన. తర్వాత నా వైపు తిరిగి, "నీకు ఇంజన్ మీదున్న ప్రేమ, పావురం నా చెల్లె మీద లేదు బావా" అన్నాడు. ఎన్నో మాటలన్నాడు గానీ, నవ్వకుండా అన్నది ఇదొక్కటే.

మర్నాడు చూపించాడు. పొగగొట్టం గోడ వైపు ఉంది. పొగ గోడకు తగిలి మళ్లీ ఇంజన్ ముక్కులోకే పోతోంది. తన పొగ తానే పీల్చి అది పడిపోయేది. మిషన్‌ను వాకిట్లోకి, అందరికీ వినబడేలా, ఆయనే మార్చాడు. అడ్డు చెప్పడానికి ఎవరూ రాలేదు, బండ్లు మాత్రం ఎక్కువ వచ్చాయి. రాష్ట్రం వచ్చిన రోజు పటాకులు కాలుస్తుంటే మిస్త్రి దగ్గుతూ దూరంగా నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయాను. "రెండుసార్లు నేనే దాన్ని బాగు చేసి పంపిన బావా. ఇంకింత మంచిగ చేస్తే అది ఆగకపోతుండె" అన్నాడు. ఆయన లోపల అన్నాళ్లూ ఆ మాటే తిరుగుతున్నదని నాకు తెలియదు. ఆ సంగతి జరిగినప్పటి నుంచి ఎవరు ఏ ఇంజన్ తెచ్చినా ఏమైందని అడగలేదు. ఎక్కడ నడుస్తుందని అడిగేవాడు.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నానికి నేనూ నా భార్యా మహబూబాబాద్ చేరుకున్నాం. వాన. జల్లు లోపలికి కొడుతోందని చుట్టాలు తలుపూ కిటికీలూ అన్నీ వేశారు. చిన్న అర్ర నిండా మనుషులు, ఊదుబత్తుల పొగ. ఆయన తల దగ్గర దీపం.

చూస్తుండగానే దీపం సన్నబడింది. ఒత్తి ఎగదోయబోయాను. నా భార్య నా మణికట్టు పట్టుకుని ఆపింది. లేచిపోయి తలుపు బార్లా తీసింది. తడిగాలి ఒక్కసారిగా వచ్చింది. దీపం ఆరిపోతుందని ఎవరో అన్నారు. ఆమె దీపం వైపు చూడలేదు. లోపల కూర్చున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటిగా చూస్తూ, తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది.