ఓబుళరెడ్డి బావ వేట

మా బావ ఓబుళరెడ్డి ఏటా ఎండాకాలంలో పులివేటకు పోయేవాడు. బావంటే మా ఆయనకు అన్న, ఆళ్లగడ్డ పక్కన మా ఊళ్లో పెద్ద రైతు. నంద్యాల నుంచి ఆయన స్నేహితుడు దేవసహాయం పంతులు లైసెన్సు తుపాకి తీసుకుని, మరో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. రెండు బండ్లలో గుడారాలూ గిన్నెలూ వేసుకుని, రుద్రవరం దాటి నల్లమలలోకి పోయి వాగు ఒడ్డున దిగేవాళ్లు. ఇక పదిహేను రోజులు అయిపూ అజా ఉండేది కాదు.

ఇంట్లో ఆ మనిషి లేచి మంచినీళ్లు ముంచుకుని ఎరగడు. పీట మీద కూర్చుంటే అన్నీ ముందుకు రావాల్సిందే. కూర నోట్లో పెట్టుకున్నాక భార్య కమలాక్షమ్మ వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపుతో ఆమెకు ఆ పూట అన్నం సయించేది కాదు. ఆమె నా తోడికోడలు, అక్కా అని పిలిచేదాన్ని.

అక్కకు అనుమానం ఎక్కడ పుట్టిందంటే, బావ అడవి నుంచి ఒళ్లు చేసి వచ్చేవాడు. వేటకు పోయినవాళ్లు ఎండకు మాడి, చిక్కి సగమై రావాలి కదా. ఈయన బుగ్గలు నిగనిగలాడించుకుంటూ, కూనిరాగం తీస్తూ బండి దిగేవాడు. ఒక్క పులిచర్మం తెచ్చిందీ లేదు.

"అమ్మీ, ఆడ ఈయనకు ఎవుతో వండిపెడతాండాది" అంది అక్క, 1956 ఎండాకాలంలో. "అదే నిజమైతే మళ్లా ఈ ఇంటి గడప తొక్కను. గడివేములకు, మా పుట్టింటికి పోతా."

అన్నట్టే చీరలు పెట్టెలో సర్ది, పెట్టెను బండిలో పెట్టించింది. తోడుగా నేనూ ఎక్కాను. ఆ ఆడదాన్ని నాలుగు మాటలతో దులిపేయాలని నాకూ ఉబలాటమే.

మేం అడవిలో వాగు ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. మద్దిచెట్టు మీద మంచె కట్టి ఉంది. గుడారాల ముందు పంతులూ, ఆయన వెంట వచ్చినవాళ్లూ, బండ్లు తోలేవాళ్లూ అంతా ఒకే వరుసలో కూర్చున్నారు. వాళ్ల ఎదుట, మూడు రాళ్ల పొయ్యి దగ్గర, పంచె ఎగగట్టి మా బావ జొన్నరొట్టె తడుతున్నాడు. అంచు ఎక్కడా పగలలేదు. అలా తట్టడం నాకు పెళ్లయిన అయిదేళ్లకు గానీ చేతకాలేదు. పక్కన దుప్పికూర ఉడుకుతోంది. "ఇంగోటి ఎయ్యనా పంతులూ?" అని బతిమాలి వడ్డిస్తున్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

అక్క బండి దిగి అక్కడే నిలబడిపోయింది. పంతులు గబగబా లేచి, "రెడ్డి ఒక్కనాడూ మంచె ఎక్కలేదమ్మా. పులంటే భయం. వంట ఒకటే ఈయన పని" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అక్కను చూసి నవ్వు మింగేశాను. ఆమె ఏడుస్తోంది.

"ఎవుతన్నా ఉండింటే బాగుండు. ఇద్దర్నీ కలిపి తిట్టి పోయింటి" అంది. "ఇరవై ఏండ్లు పొగలో నా కండ్లు పోతాంటే, ఇంత చేతనైనోడివి పీట మీద కూచుని సూస్తా ఉండ్యావా?"

బావ చేతిలో పిండిముద్ద అట్లాగే ఉంది. "చిన్నప్పుడు మాయమ్మ కాడ నేర్చుకుంటి. పొయ్యికాడ కూచున్న్యానని మా నాయన కొరివితో కొట్టె. ఆడంగినని ఊరంతా చెప్పె. ఆ ఇంట్లో నాకు చెయ్యాడదు కమలాక్షీ" అన్నాడు.

ఆకులో రొట్టె, కూర పెట్టి ఆమె ముందుంచాడు. అక్క కోపంతోనే తింది, కడుపునిండా తింది. "మాయమ్మ పోయినంక నాకు ఒకరు వడ్డించింది ఇదే" అని తర్వాత నాతో అంది. పెట్టె మళ్లీ మా ఇంటికే వచ్చింది.

బావలో మార్పొచ్చిందా అంటే, ఆ చూపు మానేశాడు. ఏటా అక్కనూ అడవికి తీసుకుపోయేవాడు. తక్కిన ఏడాదంతా ఆమె పొయ్యి దగ్గర, ఆయన పీట మీద. మామ కాలం చేసి ఎన్నేళ్లో అయింది, ఇంకా ఎవరికి భయపడతాడో అని నాకు ఒళ్లు మండేది.

1960లో అక్కకు విషజ్వరం వచ్చింది. జ్వరం దిగినా మేం పెట్టిందల్లా కక్కేసేది. కడుపులోకి గంజన్నా పోకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. "నువ్వు కాచియ్యి, తాగుతా" అంది అక్క బావతో.

బావ వంటింటి గడప దాకా వచ్చాడు. లోపల పొయ్యి మండుతోంది. నేను పక్కకు జరిగి చోటిచ్చాను. వసారాలో పాలేర్లు, చూడవచ్చిన చుట్టాలు. ఆయన కాలు లేవలేదు. "రా బావా" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, "బండి కట్టండ్రా!" అని అరిచాడు.

నాలుగడుగులు వేయలేక, ప్రాణం కొట్టుమిట్టాడుతున్న మనిషిని బండిలో వేసుకుని నల్లమల దాకా పోయాడు. దోవ పొడవునా నేను తిడుతూనే ఉన్నాను. ఆయన ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాగు ఒడ్డున మూడు రాళ్లు పెట్టి, కొర్రగంజి కాచి, ఊదుతూ తాగించాడు. అది కడుపులో నిలిచింది. వారానికల్లా అక్క లేచి నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు బావే ముందు కూర్చుని ఎద్దులను తోలాడు. "గంజి అంత బాగుండిందా అక్కా?" అని అడిగాను.

"బాగుండింది అమ్మీ" అంది అక్క, ఆయనకు వినబడేటట్టే. "దోవలోనే సచ్చింటే మాత్రం తాగకనే పోతుంటి."

బావ భుజాలు అదిరాయి. ఏడుస్తున్నాడని తెలిసింది. పాపమనిపించింది గానీ, నేను మాత్రం ఓదార్చలేదు.