ఒప్పుకోవే అంటే ఒప్పులకుప్ప

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ కలిసి తొలిసారి ఓటేసిన సంగతే జనం ఇంకా చెప్పుకుంటున్న రోజులవి. ఆంధ్రా నుంచి వచ్చి డర్బన్ దగ్గర ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఆయనకు పక్కనే ప్రాస్పెక్టన్‌లో, కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంట్లో ఆయనతో వాదించి గెలవడం అలవాటైపోయింది గనక, క్లాసులో ఓడిపోవడం నాకు బొత్తిగా చేతకాదు.

ఆ ఏడు నన్ను ఓడించింది ఒక పిల్ల. చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ల మునిమనవరాలు. ఇంట్లో అంతా ఇంగ్లీషు, ఆదివారం చర్చి. తెలుగంటే అమ్మమ్మ తిట్లూ, కూరల పేర్లూ, చిన్నప్పటి ఆటలూ. క్లాసులో దానంత తెలివైనది లేదు. సబ్జెక్టు మార్చుకోవడానికి మర్నాడే గడువు. ఫిజిక్స్ వదిలేసి అకౌంట్స్‌కి పోతానని వచ్చి నిలబడింది.

"ఎందుకు?"

"మీది మోసం మేడమ్. సూర్యుడూ భూమీ అని రెండు గీశారు. ఒకటి చెరిపేశారు. మిగిలినదాని ద్రవ్యరాశి రెండింటిలో దేనికన్నా తక్కువేనన్నారు. రెండోది ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. రెండింటి లెక్కని ఒక్కదానిగా కుదించామంతే. లెక్క చూడు."

"లెక్క సరిగ్గానే ఉంది. నాకే నమ్మబుద్ధి కావట్లేదు."

ల్యాబ్ వెనక పచ్చిక మీద చాలాసేపు వాదించుకున్నాం. నోరు నొప్పెట్టి, తెలుగులో గొణుక్కున్నాను: "ఒప్పుకోవే తల్లీ."

పిల్ల మొహం వెలిగింది. "ఒప్పులకుప్పా? ఇక్కడా?" అంటూ చేతులు అడ్డంగా వేసి నా ముందుకు చాచింది.

తప్పు దిద్దబోయి ఆగిపోయాను. భాష పోయినా ఆట మిగిలింది. చెప్పులు విడిచి, చేతులు పట్టుకుని, వెనక్కి వాలాను.

ల్యాబ్ గోడ, మామిడి కొమ్మలు, ఆకాశం అన్నీ చెరిగిపోయి ఒక్క చారగా తిరిగాయి. దాని మొహం మాత్రం నా ఎదుట కదలకుండా నిలిచింది. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన సమీకరణం లోపల నేనే ఉన్నాను.

"ఏం కనిపిస్తోంది?" అని అరిచాను.

"మీరొక్కరే."

"నాకు నువ్వొక్కదానివే."

పచ్చిక మీద కూలబడ్డాం. "ఎవరూ పోలేదు," అన్నాను ఊపిరి తీసుకుంటూ. "లెక్కలో మిగిలింది నువ్వూ కాదు, నేనూ కాదు. మన మధ్య దూరం, అది తిరిగే తీరు. ఇద్దరం కలిసి ఎటు జరిగామన్నది వేరే లెక్క, సులువైంది. లాగితే ఇద్దరమూ కదులుతాం గనక దూరం తొందరగా మారుతుంది. అందుకే ఆ ద్రవ్యరాశి ఇద్దరిలో ఎవరికన్నా తక్కువే."

అది నలిగిన గడ్డి వైపు చూస్తోంది. "నా అడుగులది పెద్ద గుండ్రం. మీది చిన్నది. మీరు లావు గనక."

"నోర్ముయ్. అయినా నేనూ తిరిగాను."

చెరకు కొండల మీద ఎండ వాలుతోంది. "అయితే సూర్యుడూ తిరుగుతాడా?" అంది, చాలా మెల్లగా.

"కొంచెం. భూమి చేతులు పట్టుకుని ఉంది కదా."

ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం. ఊరికే నిలబడ్డది ఎక్కడా ఏదీ లేదు.

"అమ్మమ్మకి చెబుతాను," అంది లేచి, గడ్డి దులుపుకుంటూ.

"ఒప్పుకున్నానని చెప్పు."

"ఒప్పుకోలేదు. మిగతాది రేపు క్లాసులో తేల్చుకుందాం."