నాకు అభ్యంతరం లేదన్న రోజు

నా చిన్నప్పుడు ఒక నిండు సభలో లేచి నిలబడి, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, ఒక పెద్దాయన నోరు మూయించాను. అందుకు నాకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. చిన్నపిల్లవాడివి, నీకేం తెలుసులే అని ఓదార్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పదకొండేళ్ళవాడికి ఎదుటి మనిషి ముఖం చూస్తే అర్థమవుతుంది. నాకూ అర్థమైంది. అయినా చెప్పదలచుకున్నది చెప్పే కూర్చున్నాను.

అప్పట్లో మేం కెనడాలో, అక్కడి కేంబ్రిడ్జ్‌కి గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊరు మొత్తానికి తెలుగు ఇళ్ళు రెండే, మాదీ పక్కింటి అక్కదీ. అక్క గుంటూరు నుంచి వచ్చిన నర్సు. మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న బంగారు సిలువ. ఆదివారం చర్చిలో పాడేది. మిగతా రోజుల్లో తీరిక దొరికితే మా వంటింట్లో కూర్చుని, ఈ దేశంలో గోంగూర మొలవకపోవడం గురించి అమ్మతో కలిసి బాధపడేది. ఒక క్రిస్మస్‌కి ఆమె ఇచ్చిన ఏసుక్రీస్తు పటాన్ని అమ్మ దేవుడి అరలో వేంకటేశ్వరస్వామి పక్కన పెట్టింది. ఇద్దరికీ కలిపి ఒకే అగరొత్తి.

టౌన్‌హాల్ ముందు ఒక రాతి స్తంభం ఉండేది. యుద్ధాలకు వెళ్ళి తిరిగిరాని ఆ ఊరి కుర్రాళ్ళ పేర్లు దానిమీద చెక్కి ఉండేవి. పేర్లు తప్ప వేరే గుర్తేమీ లేదు. ఆ ఏడాది దానికి మరమ్మతులు చేయించి, పనిలో పనిగా పైన పెద్ద రాతి సిలువ నిలబెట్టాలని టౌన్ కౌన్సిల్ అనుకుంది. ఊరంతా చర్చికి వెళ్ళేవాళ్ళే కాబట్టి అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు, హార్డ్‌వేర్ షాపు పెద్దాయనకు తప్ప. ఆయన యూదుడు. స్తంభం మీది పేర్లలో ఒకటి ఆయన తమ్ముడిది.

జనం ఏమంటారో వినడానికి కౌన్సిల్ ఒక సభ పెట్టింది. ఏటా నవంబరులో, అమరులను తలుచుకునే రోజున, స్తంభం దగ్గర పూలచక్రం ఉంచేది మా స్కూలు పిల్లలే కాబట్టి మమ్మల్నీ తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. నాన్న వెనక ఉన్నాడు. పెద్దాయన టోపీ చేత్తో పట్టుకుని లేచాడు. తన తమ్ముడి సమాధి సముద్రానికి అవతల ఉందని, సైన్యంలో చేరేటప్పుడే నీ మతమేమిటని వాడిని అడిగారని, అందుకే ఆ సమాధి రాయి మీద తమ ఆరు మొనల నక్షత్రం ఉందని చెప్పాడు. “సైన్యం అడిగింది. సొంత ఊరు అడగలేదు. మావాడి పేరు మీద మీ గుర్తు పెట్టడానికి మీరెవరు?” అన్నాడు.

మేయరు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. ఆ చూపు వచ్చి నా మీద ఆగింది. పిల్లల్లో తెల్లగా లేనివాణ్ణి నేనొక్కణ్ణే. మీరు హిందువులు కదా బాబూ, అక్కడ సిలువ ఉంటే నీకేమైనా అభ్యంతరమా అని ఎంతో మెత్తగా అడిగాడు. నేను లేచాను. లేదు సర్, మా దేవుడి అరలో ఏసు పటం కూడా ఉంది, మాకు దేవుళ్ళందరూ ఒకటే అన్నాను. చప్పట్లు మోగాయి. మేయరు పెద్దాయన వైపు తిరిగి, “చూశారా, వీళ్ళకే లేని బాధ మీకెందుకు?” అన్నాడు. పెద్దాయన నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఓటింగు వచ్చే వారం అన్నారు.

బయటికి రాగానే, అంతవరకూ పలకరించనైనా పలకరించనివాళ్ళు వచ్చి నాన్నకు చెయ్యి కలిపారు. కార్లో నాన్న ముఖం వెలిగిపోతోంది. “భలే చెప్పావురా! మనం వచ్చి నాలుగేళ్ళన్నా కాలేదు. ఇలా అందరితో మంచిగా ఉంటే మనకే మంచిది” అన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ కరచాలనాల కోసం ఆయన ఎంత ఎదురుచూశాడో నాకు తెలుసు. వాటిని ఆయనకు నేనే సంపాదించిపెట్టానని ఆ రాత్రి గర్వంగా నిద్రపోయాను.

మర్నాడు సాయంత్రం అక్క వచ్చింది. సభ రోజు ఆమెకు డ్యూటీ. సంగతంతా ఆసుపత్రిలో విన్నదట.

“ఏరా పెద్దమనిషీ, చప్పట్లు బాగా పడ్డాయంటగా!”

నేను నవ్వాను. ఆమె నా స్కూలు సంచిలోంచి నల్ల స్కెచ్‌పెన్ను తీసుకుని హాల్లోకి నడిచింది. అక్కడ దండ వేసిన మా తాతయ్య ఫోటో ఉండేది, నుదుట నిలువు నామంతో. ఆయన పోయినప్పుడు నాన్న ఇండియా వెళ్ళలేకపోయాడు. మాకు మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. అక్క దాన్ని గోడ మీంచి దింపి, బల్లమీద పెట్టి, కొంగుతో అద్దం తుడిచింది.

“ఈ నామం పక్కన చిన్న సిలువ గీస్తానురా. బాగుంటది. మీకు అభ్యంతరం లేదుగా?”

హాస్యమనుకున్నాను. ఆమె మూత తీసి మొన అద్దానికి ఆనించబోయింది. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా ఆమె మణికట్టు రెండు చేతులతో పట్టేసుకున్నాను.

“వద్దు! ఆయన మా తాతయ్య! గియ్యడానికి నువ్వెవరు?”

“అదేందిరా, దేవుళ్ళందరూ ఒకటేనన్నావుగా?”

“తాతయ్యని అడిగావా?” అని అరిచాను. ఏడుపు వచ్చేసింది. గరిటె చేత్తో అమ్మ పరుగెత్తుకొచ్చింది. “గియ్యను వదినా, భయపడమాక,” అని అక్క పెన్నుకు మూత పెట్టింది. తర్వాత నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. “నిన్న ఆ ముసలాయన అడిగింది కూడా ఇదేరా. నీలాగా అరవకుండా, పద్ధతిగా అడిగాడు. నువ్వు నవ్వుతా అడ్డంపడ్డావు. నీకు అభ్యంతరం లేకపోతే సంతోషం. అది నీ సంగతి. ఆయన సంగతికి నిన్ను సాక్ష్యం పెట్టిందెవరు?”

మర్నాడు స్కూలు నుంచి నేరుగా హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళాను. పెద్దాయన మేకులు పొట్లాల్లో పోస్తున్నాడు. క్షమించమన్నాను. ఆయన చేస్తున్న పని ఆపలేదు. “నాకెందుకు చెబుతున్నావు? నువ్వు నాతో ఏమీ అనలేదు, వాళ్ళతో అన్నావు” అన్నాడు. అంతే. గల్లాపెట్టె పక్కన మిఠాయి సీసా ఉంది గానీ నాకు మిఠాయి ఇవ్వలేదు. ఇచ్చి పంపించి ఉంటే నేను అక్కడితో మరిచిపోయేవాణ్ణి.

ఓటింగు రోజు అక్క డ్యూటీ దిగి, నర్సు బట్టలతోనే వచ్చింది. అప్పటికి ఈ దేశంలో, మత స్వేచ్ఛకు హామీ ఇచ్చే హక్కుల చార్టర్ కొత్త. ఇలాంటి విషయంలో కోర్టులు ఇంకా ఏమీ తేల్చలేదని కౌన్సిల్ లాయరు చెప్పి కూర్చున్నాడు. అక్క లేచింది. తాను క్రైస్తవురాలినని, ఎదురుగా కనబడే ఆ చర్చిలోనే పాడతానని చెప్పింది. చర్చి తన స్థలంలో ఆకాశమంత సిలువ కట్టుకుంటే తానే రాళ్ళు మోస్తానని, ఈ స్తంభం మాత్రం చర్చిది కాదు, ఊరిదని చెప్పింది. పౌరసత్వ పరీక్ష కోసం చదవమని ప్రభుత్వమే ఇచ్చిన పుస్తకంలో ఎవరి మతం వాళ్ళ ఇష్టమని ఉంది, అది పరీక్షలో రాయడానికేనా అని అడిగింది. వెనకనుంచి ఎవరో, నీ ఊరికి వెళ్ళి చెప్పుకోమని అరిచాడు. అక్క వెనక్కి తిరిగి చూసింది. “ఇదే నా ఊరు. పోయిన నెల మీ కాలికి కట్టు కట్టింది నేనే” అంది.

అప్పుడు నేను లేచాను. నాన్న నా చొక్కా అంచు పట్టుకుని లాగాడు. విడిపించుకున్నాను. పోయిన వారం మా ఇంటి సంగతి చెప్పాను, అది నిజమే, కానీ ఆయన తమ్ముడి సంగతి చెప్పే హక్కు నాకు లేదు, నా మాట కొట్టేసి ఆయన్నే అడగండి అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. మేయరు నా వైపు చూడకుండానే, పెద్దాయన్ని మాట్లాడమన్నాడు.

“మీ ఇష్టం, సిలువ పెట్టుకోండి,” అన్నాడాయన. “పెట్టేముందు మా తమ్ముడి పేరు రాతిమీంచి తీసేయండి. వాడి పేరు నేను ఇంటికి తీసుకుపోతాను.”

పేరు తొలగించడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు మేయరు. ఆ హాల్లో సగం మందికి ఆ స్తంభం మీద ఒక అన్నో, తండ్రో ఉన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. సిలువ గురించి ఆ రోజు ఓటింగు జరగలేదు. ఆ తర్వాత కూడా జరగలేదు.

దానికి మూల్యం మేం చెల్లించాం. నాన్నకు కరచాలనాలు ఆగిపోయాయి. ఆయన నాతో చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ క్రిస్మస్‌కి చర్చిలో పాడేవాళ్ళ గుంపులోకి అక్కను పిలవలేదు. ఆమె ఏడవలేదు. మంచు కురుస్తుంటే వీధి తలుపు బార్లా తీసి, వాకిట్లో నిలబడి, తెలుగు క్రిస్మస్ పాటలు వీధి వీధంతా వినపడేలా పాడింది. అమ్మా నేనూ స్వెటర్లు తొడుక్కుని వెళ్ళి చేతులతో తాళం వేశాం. రెండో పాటకు నాన్న కూడా కోటు వేసుకుని బయటికి వచ్చాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, ప్రభుత్వం ఏ మతం పక్షానా నిలబడకూడదని, మతం లేనివాళ్ళకూ అదే న్యాయమని ఈ దేశపు పెద్ద కోర్టు చెప్పింది. అక్క చెప్పిందీ అదే. ఇప్పటికీ మనవాళ్ళు నాతో వాదిస్తారు. మనకెందుకండీ అంకుల్, మనం ఏ దేవుడికైనా దణ్ణం పెట్టేస్తాం గదా అంటారు. పెట్టండి, నేనూ పెడతాను. కానీ మన దణ్ణం చూపించి ఇంకొకరి నోరు నొక్కుతుంటే, దాన్ని మన మంచితనం అనుకుని మురిసిపోవద్దు. నేను ఒకసారి మురిసిపోయినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోయిన శీతాకాలం నేనుండే ఊళ్ళో కొత్త స్మారకం మీద ప్రార్థన వాక్యాలు చెక్కాలన్నారు. హిందువుల తరఫున వచ్చి ఒక మాట చెప్పమని నాకు ఫోన్ చేశారు. నేను ఎవరి తరఫునా చెప్పనన్నాను. కొడుకును అఫ్ఘానిస్తాన్‌లో పోగొట్టుకున్న ఒక తల్లి మా వీధిలోనే ఉంది. ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు, ఆ కొడుక్కీ ఉండేది కాదట. ఆమెను నా కార్లో తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆమె ఆగి కళ్ళు తుడుచుకుంది. ఆ సందు చూసుకుని ఎవరో మైకు అందుకోబోయారు. నేను లేచి, ఆమె ఇంకా ముగించలేదన్నాను. ఆమె మళ్ళీ మాట మొదలుపెట్టేదాకా అలాగే నిలబడ్డాను.