కత్తెరక్క సుద్దబిళ్ళలు

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. గుడ్డను దొంతరగా పరిచి, పైన సుద్దబిళ్ళతో గీత గీసి, ఆ గీత వెంటే కత్తెర నడపడం ఆమె పని. గీత కాస్త తప్పితే దొంతర మొత్తం పీలికలే. అందుకే ఆ బల్ల దగ్గరికి ఇంకెవరినీ రానివ్వరు. ఆ బల్లే ఆమె పరువు.

ఈమధ్య ఆ బల్ల దాకా నడవడమే గండమైపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నిలబడితే కాళ్ళు పీకడం. పొద్దున లేచేసరికే మూటలు మోసొచ్చినట్టుండే ఒళ్ళు. ఇంట్లో అత్తగారు బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని, రాళ్ళేరుతూ, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నములుతూ దెప్పేది. "ఇంత చిన్న వయసులో ఈ సోలిపోవడమేంటే? ఒళ్ళు వంచాలంటే బద్ధకం నీకు!"

కత్తెరక్క మారు పలికేది కాదు. పోట్లాడడానికైనా ఓపిక ఉండాలి కదా! నిజంగానే బద్ధకం వచ్చిందేమోనని ఆమెకే అనుమానం.

బద్ధకాన్నైనా ఒప్పుకునేదేమో గాని, రెండో సంగతి చచ్చినా చెప్పేది కాదు. ఆమె సుద్దబిళ్ళలు తినేది. అరిగిపోయిన ముక్కలతో మొదలై, కొత్త బిళ్ళలకే ఎసరు పెట్టింది. ఆ వాసన తగిలితే చాలు, నోట్లో నీళ్ళూరేవి. చాటుగా కొరికి, మూతి తుడుచుకుని, తనను తానే అసహ్యించుకునేది. పిచ్చి ఇలాగే మొదలవుతుందని వణికేది. "ఈ సుద్దలన్నీ ఏ ఎలుకలు మేస్తున్నాయో" అని ఓనరు విసుక్కుంటే, అందరితో పాటు తనూ బల్ల కింద దూరి ఎలుక కోసం వెతికింది, పాపం.

ఒకరోజు పని మధ్యలో కళ్ళు బైర్లు కమ్మాయి. కత్తెర గీత దాటింది. దొంతర కాస్తా పాడైపోయింది. ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది.

"ముందు డాక్టరుకు చూపించుకో అక్కా. నీవల్ల కాదనుకుంటే గుండీలు కుట్టే దగ్గర కూర్చుందువుగాని" అన్నాడు.

బల్ల పోతుందనేసరికి ఆమె ఇక ఆలస్యం చెయ్యలేదు.

అత్తగారిని తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసి, రక్తపరీక్షలు రాసింది. "రక్తం తక్కువగా ఉందని తెలిస్తే చాలదమ్మా, ఎందుకు తక్కువైందో తేలాలి. ఫెర్రిటిన్ అని ఒక పరీక్ష ఉంది. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంత మిగిలిందో అది చెబుతుంది. అన్నట్టు, సుద్ద, మట్టి లాంటివేమైనా తినాలనిపిస్తుందా?"

పక్కనే అత్తగారు. "ఛ, లేదండీ" అంది కత్తెరక్క.

మర్నాడు మళ్ళీ అత్తగారితోనే వెళితే రిపోర్టు చేతికొచ్చింది. హిమోగ్లోబిన్ తక్కువ. ఫెర్రిటిన్ అయితే పూర్తిగా అడుగంటింది. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూసింది.

"నిల్వంతా ఖాళీ. ఈ ఒంటితో ఇన్నాళ్ళూ నిలబడి పనెలా చేశావమ్మా?"

ఎవరూ ఎన్నడూ అడగని మాట అది. కత్తెరక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. సంచిలోంచి సగం కొరికిన సుద్దబిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. "తింటున్నానండీ. మానలేకపోతున్నా. నాకు పిచ్చా, బద్ధకమా?"

"రెండూ కాదు. ఇనుము తగ్గితే కొందరికి ఇలాగే ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది. నిల్వ నిండితే అదే పోతుంది. కొన్ని నెలలు మాత్రలు వాడాలి. మళ్ళీ రక్తం చూద్దాం. నెలసరి బాగా ఎక్కువవుతోందని నిన్న చెప్పావుగా, దాని సంగతి కూడా తేల్చాలి."

బయటికొచ్చి ఓనరుకు ఫోన్ చేసి, సిగ్గు విడిచి సుద్దల సంగతీ చెప్పేసింది. "బల్ల నీదేలే అక్కా. ఓపికొచ్చాకే రా. అనవసరంగా ఎలుకల మందు కొన్నాను" అన్నాడు.

ఇంటికి రాగానే అత్తగారు చేట ముందేసుకుని కూర్చుంది. ఇక మొదలుపెడుతుంది కాబోలని కత్తెరక్క గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. దెప్పడం కాదు కదా, చిన్న దగ్గు కూడా వినిపించలేదు. కళ్ళు తెరిచి చూస్తే, గింజలు పట్టుకున్న చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయి ఉంది.

"అమ్మాయ్, ఆ పరీక్ష నాలాంటి ముసలిదానికీ చేస్తారా?"

"చేస్తారు. ఎందుకత్తయ్యా?"

ముసలామె గుప్పెట విప్పి, గింజలు మళ్ళీ చేటలో పోసింది.

"ఈ బియ్యం నమలడం నాకు పెళ్ళయిన కొత్తల్నించీ ఉందే. మా అత్త కూడా నన్ను బద్ధకమనే తిట్టేది."