చలమయ్య కిటికీ కింద

కాసులమ్మ చాప పరుచుకుని పడుకోవడం మానేసి రెండేళ్లు దాటింది. ఫిషింగ్ హార్బరు వెనకాల ఆమె ఇంటిని ఆనుకుని ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. అందులోంచి అమ్మోనియా లీకైన రాత్రి ఆమె దగ్గుతూ లేచింది గానీ, పక్కనున్న భర్త సింహాద్రి లేవలేదు. అప్పటినుంచి కళ్లు మూతపడితే చాలు, ఊపిరి ఆగిపోతున్నట్టు ఉలిక్కిపడి లేచి కూర్చునేది. పగలు వేలం షెడ్డులో, తోటి చేపలమ్మే పోతమ్మ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ ఉంటానని మాటిస్తేనే, గోడకు చేరగిలబడి ఓ కునుకు తీసేది. అదే ఆమె నిద్ర.

భయాన్ని ఎలాగో నెట్టుకొచ్చింది. మింగలేకపోయింది ఒక్క మాటని. ఆ రాత్రి ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్న సూపర్‌వైజరు చలమయ్య పోలీసులతో అన్న మాట: "సైరన్ మోగించాను. తాగి పడుకున్నారు, లెగనేదు."

సింహాద్రి జన్మలో చుక్క ముట్టలేదు. ఆ వాడలో సైరన్ విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

చలమయ్య ఇప్పుడు ఏదో గోడౌనులో రాత్రి కాపలా చేస్తున్నాడనీ, కంచరపాలెంలో రైలుపట్టాల పక్క వీధిలో ఉంటూ పగలు నిద్రపోతాడనీ తెలిసింది. ఆ మర్నాడే కాసులమ్మ చేపలమ్మే దారి మార్చింది.

అతను నడుం వాల్చే వేళకి సరిగ్గా కిటికీ కింద గంప దించి, "వంజరాలో... కానాగంతలో..." అని గొంతెత్తేది. ఆడవాళ్లు మూగేవాళ్లు. బేరాలు, నవ్వులు, చేపలు కోసే చప్పుడు. అతను తలుపు తీసి కసిరితే, "వీధిలో యాపారం సేసుకుంటన్నాను బాబూ," అనేది మెత్తగా. అతను వెనక గదిలోకి మారాడు. ఆమె వెనక సందులోకి మారింది.

వానలు పడేసరికి అతని కళ్లు లోపలికి పోయాయి. కాపలాలో కునుకుతున్నాడని గోడౌను వాళ్లు పనిలోంచి తీసేశారు. ఆ కబురు విన్న రోజు కాసులమ్మ కడుపునిండా అన్నం తింది.

చివరికి ఒకరోజు అతను బయటికొచ్చి ఆమె గంప ముందు చతికిలబడ్డాడు.

"నీకేటి కావాలమ్మా? నన్ను పడుకోనీ."

"మా ఆయన పడుకుని ఇంకా లెగనేదు. నువ్వు మేలుకో."

వీధంతా చూస్తుండగా అతను ఏడ్చాడు. "సైరన్ ఊరికూరికే మోగుతందని నానే ఆపేసి పడుకున్నాను. మీవోడు తాగాడని అబద్ధం సెప్పాను."

"ఇక్కడ కాదు. కోర్టులో సెప్పు."

చెప్పాడు. కేసు అతని మెడకీ, ఫ్యాక్టరీ ఓనరు మెడకీ చుట్టుకుంది. ఇద్దర్నీ లోపలేశారు.

"సెప్పేసినాడు కదా. ఇంక ఆడిని వదిలీయే కాసులూ," అంది పోతమ్మ.

కాసులమ్మ గంపలో చేపల మీద ఐసు సర్దుతోంది. చాప చూస్తే భయం పోలేదు. నిద్రా తిరిగి రాలేదు. దానికామె పెద్దగా బాధపడుతున్నట్టూ లేదు.

"బెయిలు మీద ఇంటికొచ్చాడంట అప్పా," అని గంప ఎత్తుకుని కంచరపాలెం ఆటో ఎక్కింది.