తీపి ఆపిన పూట

కడుపు పండితే తీపి కబురంటారు. ఎనభై రెండులో, ఏడో నెలలో, నా విషయంలో ఆ మాట అక్షరాలా నిజమైంది. గురజాల ఆసుపత్రిలో నా మూత్రాన్ని నీలి మందులో కలిపి స్పిరిట్ దీపం మీద కాచారు. నీలం పోయి ఇటుక రంగు వచ్చింది. "షుగరమ్మా" అంది నర్సు. బడిలో పిల్లలకు రంగులు నేర్పే టీచర్ని నేను. ఆ రంగు పాఠం మాత్రం నాకు ఎక్కలేదు.

నరసరావుపేటలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నాలుగున్నర కిలోలు. మూడో నెల బిడ్డలా ఉన్నాడన్నారు చూడొచ్చినవాళ్లు. మా అత్త వాడి అరికాలికి కాటుక చుక్క పెట్టి, ఉప్పుతో దిష్టి తీసింది. "బొద్దుకైనా హద్దుండాలి" అన్నాను. నా జోకులకు ముందుగా నవ్వేది నేనే. ఆరోజు కుట్లు లాగి అదీ కుదరలేదు.

నర్సు గ్లూకోజు నీళ్ల సీసా ఇచ్చింది. "పాలు పడేదాకా రెండేసి గంటలకోసారి పట్టండి. మరిచిపోమాకండి."

ఆమె వెళ్లాక అత్త ఆ సీసాను పామును చూసినట్టు చూసింది.

"ఏందే ఇది? తల్లికి షుగరన్నదీ వీళ్లే, బిడ్డకి షుగరు తాపమన్నదీ వీళ్లేనా?"

"డాక్టర్లకు తెలీదా అత్తా?"

"కడుపులో ఉన్నన్నాళ్లు తాగింది చాల్దా? నీ పాలు గూడా తీపేనేమో. కాచిన నీళ్లు పోద్దాం."

ఆమెకు అక్షరం ముక్క రాదు. నాకు వచ్చు. అయినా ఆ మాట నాకూ సబబుగానే తోచింది. "సరే, ఈ పూటకు ఆపుదాం" అన్నది నేనే.

మధ్యాహ్నానికి బిడ్డ చేతులు అదరసాగాయి. చలేమోనని అత్త దుప్పటి కప్పింది. కాసేపటికి అదురు ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. ఆగింది అదురొక్కటే కాదు, ఏడుపు కూడా. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాక అత్త కేకలు పెడుతూ వరండాలోకి పరుగెత్తింది.

డాక్టరు వచ్చి బిడ్డ నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. "పొద్దుట్నించీ ఎన్నిసార్లు పట్టారు?" అని అడిగాడు. ఇద్దరం సీసా వంక చూశాం. నిండుగా ఉంది.

"నీ నెత్తురులో చక్కెర కాలవలా పారతా ఉంటే, వీడి ఒళ్లు దాన్ని తాగడానికి అలవాటు పడిందమ్మా. బొడ్డు కోశాక కాలవ కట్టేసినట్టే. ఒంటికి ఆ సంగతి తెలవదు గదా. ఉన్నదంతా తాగేసింది. మెదడుకి మిగల్లేదు" అన్నాడు.

బిడ్డ బతికాడు. ఆరేళ్లు నిండినా నా బడిలోనే, నా ముందే, 'అ' దగ్గర ఆగిపోయాడు. అప్పుడప్పుడూ ఫిట్లు. పైగా ఎంత తిన్నా తీరని ఆకలి. షుగరున్న తల్లి కడుపులో పెరిగితే, ఇక చాలని చెప్పే కొలత మెదడులోనే తప్పవచ్చని ఈమధ్య ఒక డాక్టరమ్మ అంది. ఏది నా నెత్తుటి వల్ల, ఏది ఆ పూట వల్ల అని అడిగాను. ఆమె విడదీసి చెప్పలేకపోయింది.

అప్పట్లో మాత్రం, ఒళ్లు పెరుగుతోంది, అన్నం తగ్గించమన్నారు డాక్టర్లు. ఒకరోజు వాడు మూడోసారి కంచం చాపాడు.

"అమ్మా, ఆకలి."

"చాల్లే నాన్నా."

గుమ్మంలో కూర్చున్న అత్త తల ఎత్తకుండానే అంది: "పెట్టవే. ఒకసారి ఆపాంగా."

పెట్టాను.